టీవీలో స్కోపు సినిమా, పైనా కిందా నల్ల పట్టీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పండక్కి టీవీలో పెద్ద సినిమా వేశారంటే చాలు, నెల్లూరు నుంచీ కావలి నుంచీ ఒంగోలు నుంచీ నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. బొమ్మ సన్నగా వస్తోందని ఒకరు, పక్కన నిలబడ్డ మనుషులు తెగిపోతున్నారని ఒకరు, పాత సినిమాలో అందరూ లావెక్కిపోయారని ఇంకొకరు. సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేశాను, తర్వాత కేబుల్, డిష్ బాక్సులు బిగించే పనిలోకి వచ్చాను. అందుకని నన్ను అడుగుతారు. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు. మీ సందేహం ఏదో దాని దగ్గరికే వెళ్లండి, జవాబు అక్కడే పూర్తిగా ఉంటుంది.

నా అభిప్రాయం దాచుకోను. సినిమాను ఏ ఆకారంలో తీశారో టీవీలోనూ ఆ ఆకారంలోనే వెయ్యాలి. అటూ ఇటూ కత్తిరించడమూ తప్పే, సాగదీయడమూ తప్పే.

## సినిమా మొదలవగానే వచ్చే సందేహాలు

ఏందన్నా ఈ నల్ల పట్టీలు? టీవీ పాడైపోయిందా?

టీవీ బాగానే ఉంది. మనం చూసే తెలుగు సినిమాల్లో చాలావరకు స్కోపు సినిమాలు. స్కోపు బొమ్మ ఎత్తు ఒక అడుగు అనుకుంటే వెడల్పు 2.35 అడుగులో, 2.39 అడుగులో ఉంటుంది. ఇప్పటి టీవీలన్నీ 16:9. అంటే ఎత్తు ఒక అడుగైతే వెడల్పు 1.78 అడుగులే. అంత వెడల్పు బొమ్మ మొత్తం ఈ తెరలో పట్టాలంటే కొంచెం చిన్నది కావాలి, చిన్నదైతే పైనా కిందా జాగా మిగులుతుంది. ఆ మిగిలిన జాగానే నల్ల పట్టీలు. 43 అంగుళాల టీవీ తెర సుమారు 21 అంగుళాల ఎత్తుంటుంది. స్కోపు బొమ్మకు అందులో 16 అంగుళాలు సరిపోతుంది. పైన రెండున్నర, కింద రెండున్నర ఖాళీ. మనుషులు మామూలు ఆకారంలో ఉండి, పైనా కిందా మాత్రమే పట్టీలు ఉన్నాయంటే ఛానల్ వాళ్లు సినిమాను పూర్తిగా చూపిస్తున్నట్టే.

ఆ పట్టీల వెనక బొమ్మ ఉందేమో, వాళ్లు మూసేశారేమో?

లేదు. హాల్లో చూపించిన స్కోపు బొమ్మలో ఏదీ పట్టీల వెనక దాగి ఉండదు. హాల్లో చూసినప్పుడు బొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో టీవీలోనూ అక్కడే ముగుస్తుంది.

కొన్ని సినిమాల సంగతి వేరు. కెమెరాలో ఎక్కువ ఎత్తు ఫ్రేము తీసి, హాల్లో మధ్య భాగం మాత్రమే వేస్తారు. అలాంటి సినిమాను టీవీలో వేసేటప్పుడు ఒక్కోసారి పైనా కిందా మిగిలినదాన్ని తెరిచి చూపిస్తారు. అప్పుడు బొమ్మ ఎక్కువ కనిపిస్తుంది, నిజమే. కానీ ఆ ఎక్కువ భాగం కెమెరామన్ చూపించాలనుకున్నది కాదు. పైన మైకు వేలాడటం, మనిషి తల మీద అక్కర్లేని ఆకాశం ఉండటం దీనివల్లే.

పట్టీలు లేకుండా తెర నిండా వస్తే మంచిదే కదా? డబ్బులు పెట్టి పెద్ద టీవీ కొన్నాం.

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, అందుకని నిదానంగా చెప్తాను. స్కోపు బొమ్మ 16:9 తెర నిండా రావాలంటే దాన్ని పెద్దది చేసి, తెరలో పట్టని ఎడమ ముక్కా కుడి ముక్కా వదిలేయాలి. అలా పోయేది దాదాపు నాలుగో వంతు. పాత 4:3 డబ్బా టీవీల రోజుల్లో నూటికి 43 వంతులు పోయేది. అంటే సగానికి దగ్గరగా సినిమా మనకు తెలియకుండానే పోయింది.

ఏం పోతుందో ఒక పెళ్లిచూపుల సీనులో చూడండి. ఎడమ చివర గుమ్మం దగ్గర పిల్ల, కుడి చివర కుర్చీలో పిల్లవాడు, మధ్యలో పెద్దవాళ్లు కట్నం మాటలు మాట్లాడుకుంటున్నారు. డైరెక్టర్ ఆ ఇద్దరినీ రెండు చివర్లలో పెట్టిందే వాళ్ల మధ్య ఎంత దూరముందో, మాట్లాడేది ఎవరో, మాట్లాడలేనిది ఎవరో మనకు కనిపించాలని. అటూ ఇటూ కత్తిరిస్తే పెద్దవాళ్లు మిగులుతారు. పిల్ల ఓరచూపు పోయింది, పిల్లవాడు తల దించుకోవడం పోయింది. కట్నం లెక్క మాత్రం పూర్తిగా వినిపిస్తుంది. సీను అర్థమే మారిపోయింది. పాటల్లో పక్కన ఆడేవాళ్లు సగానికి తెగడం, ఫైటులో దెబ్బ కొట్టినవాడు కనిపించకుండా తగిలినవాడు మాత్రమే ఎగిరిపడటం కూడా ఇందువల్లే.

పెద్ద టీవీ కొన్నది సినిమా బాగా చూడటానికే. తెర నిండిందా అని కాదు, బొమ్మ మొత్తం ఉందా అని చూడండి.

హాల్లో ఈ పట్టీలు ఎప్పుడూ చూడలేదే?

హాల్లో కూడా తెర మిగిలేది, మీ కంట పడకుండా మూసేవాళ్లం. తెర పక్కన నల్ల గుడ్డ పరదాలు ఉంటాయి. స్కోపు సినిమాకు వాటిని అటూ ఇటూ జరిపి తెర మొత్తం తెరుస్తాం, తక్కువ వెడల్పు ఫ్లాట్ సినిమాకు దగ్గరికి లాగుతాం. బొమ్మ అంచు, గుడ్డ అంచు కలిసిపోతాయి కాబట్టి తెర ఎప్పుడూ నిండినట్టే ఉంటుంది. కొన్ని మల్టీప్లెక్సుల్లో ఈ పరదాలు లేవు, అక్కడ స్కోపు సినిమాకు పైనా కిందా నలుపు కనిపిస్తుంది కూడా.

2019లో సూళ్లూరుపేట దగ్గర వంద అడుగులు దాటిన వెడల్పుతో వి ఎపిక్ సినిమా హాలు తెర పెట్టినప్పుడు (అప్పటికి అది నెల్లూరు జిల్లానే, 2022 నుంచి తిరుపతి జిల్లా) మన వాళ్లు బస్సులెక్కి వెళ్లి మరీ చూశారు. తెర వెడల్పుకు అంత విలువ ఇచ్చే జనం ఇంట్లో ఆ వెడల్పునే కోసేయడానికి ఒప్పుకోవడం నాకు బాధగా ఉంటుంది.

పేర్లు పడేటప్పుడు అందరూ సన్నగా పొడుగ్గా ఉంటారు, పేర్లు అయిపోగానే మామూలైపోతారు. ఎందుకట్టా?

పాత స్కోపు సినిమాలు టీవీలో చూసినవాళ్లందరికీ ఇది గుర్తుంటుంది. ఫిల్ము రోజుల్లో స్కోపు తీసేటప్పుడు కెమెరాకు ఒక ప్రత్యేకమైన లెన్సు పెట్టేవాళ్లు. అది వెడల్పు దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి 35 ఎంఎం ఫిల్ము మీద పడేసేది. రీలు వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే హీరో తాటిచెట్టంత పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. హాల్లో ప్రొజెక్టరుకు స్కోపు లెన్సు బిగిస్తే అది మళ్లీ రెండింతలు సాగదీసి మామూలు మనిషిని చేసేది. ఆ లెన్సు మార్చడం మరిచిపోతే హాలంతా ఈలలే.

టీవీకి ఎక్కించేటప్పుడు పేర్ల దగ్గర చిక్కొచ్చేది. పేర్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసి ఉంటాయి, కత్తిరిస్తే అక్షరాలు పోతాయి. అందుకని పేర్లు పడినంతసేపూ నొక్కిన బొమ్మనే యథాతథంగా వేసి, అవి అయిపోగానే సాగదీసి, పక్కలు కత్తిరించడం మొదలుపెట్టేవాళ్లు. అక్షరాలు తెగితే తప్పని వాళ్లకూ తెలుసు. మనుషులు తెగితే ఫర్వాలేదనుకున్నారు.

సీను మధ్యలో బొమ్మ దానంతటదే పక్కకు జరుగుతుంది. కెమెరామన్ తిప్పాడా?

చాలాసార్లు కాదు. స్కోపు బొమ్మను కత్తిరించి ఎక్కించేటప్పుడు ఎడమ ముక్క చూపించాలా, కుడి ముక్కా అని ల్యాబులో కూర్చున్న మనిషి నిర్ణయిస్తాడు. మాట్లాడేవాడు మారితే చూపించే ముక్కను అటు జరుపుతాడు. అదే మీకు కెమెరా తిరిగినట్టు కనిపిస్తుంది. గుర్తుపట్టడం తేలిక. నిజంగా కెమెరా తిరిగితే దగ్గరి వస్తువులు, దూరపు వస్తువులు ఒకదాని ముందు ఒకటి కొంచెం మారుతూ కదులుతాయి. ఇక్కడ మాత్రం గోడ మీద పటం జరిపినట్టు బొమ్మ మొత్తం బల్లపరుపుగా జరుగుతుంది.

## ఆకారాల గురించి

అసలు ఇన్ని ఆకారాలు ఎందుకు? అందరూ ఒక్కటే పెట్టుకోవచ్చు కదా?

మొదట ఒక్కటే ఉండేది. మూకీల కాలంలో బొమ్మ 1.33:1 (ఎత్తు ఒకటైతే వెడల్పు 1.33), టాకీలు వచ్చాక 1932లో 1.37:1 ఖాయం చేశారు. టీవీ పుట్టినప్పుడు సినిమాను చూసి 4:3 ఆకారమే తీసుకుంది, అంటే అదీ 1.33నే. గొడవ అక్కడే మొదలైంది. అమెరికాలో జనం ఇంట్లో టీవీ చూస్తూ హాళ్లకు రావడం తగ్గించారు. టీవీ ఇవ్వలేనిది ఏదో ఇవ్వాలని సినిమావాళ్లు వెడల్పు వైపు వెళ్లారు. ఆన్రి క్రెతియాఁ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఎప్పుడో కనిపెట్టిన నొక్కుడు లెన్సును బయటికి తీసి 1953లో 'ది రోబ్' అనే సినిమాతో సినిమాస్కోప్ తెచ్చారు.

మన దేశంలో 1959లో గురుదత్ 'కాగజ్ కే ఫూల్' మొదటి స్కోపు సినిమా. తెలుగులో 1974లో కృష్ణ 'అల్లూరి సీతారామరాజు'. 1986లో మళ్లీ కృష్ణే 'సింహాసనం'తో తెలుగుకు 70 ఎంఎం తెచ్చారు, దాని ఆకారం 2.20:1. వీటి మధ్యలో 1.85:1 ఫ్లాట్ సినిమాలు.

ఇప్పటి టీవీ 16:9 ఆకారం 1980లలో జరిగిన లెక్కల నుంచి వచ్చింది. పాత 4:3 నుంచి స్కోపు దాకా అన్ని ఆకారాలూ ఎక్కువ నష్టం లేకుండా పట్టే మధ్యేమార్గం కోసం వెతికి దీన్ని పట్టుకున్నారు. అంటే పట్టీలు వస్తాయని ముందే తెలిసి చేసిన ఆకారం అది. అన్నీ పట్టాలని చేశారు, అన్నీ నింపాలని కాదు.

ఏ సినిమా ఏ ఆకారమో ఎట్టా తెలుసుకునేది?

తెలుగు వరకు ఒక ముతక లెక్క చెప్తాను. 1974కు ముందు తెలుగు సినిమా అయితే స్కోపు కాదు, చాలావరకు 1.37 దగ్గరే. టీవీలో దానికి పట్టీలు కుడిఎడమల రావాలి. డెబ్బైల చివర, ఎనభైలలో రెండు రకాలూ ఉన్నాయి. ఆ తర్వాత పెద్ద సినిమా అంటే స్కోపే అనుకోవచ్చు. పోస్టరు మీద, పేర్ల మొదట్లో సినిమాస్కోప్ అని గొప్పగా వేసుకునేవాళ్లు కాబట్టి అదీ చూడండి.

## రిమోట్ చేతికి తీసుకున్నాక

మనుషులంతా లావుగా, పొట్టిగా కనిపిస్తున్నారు. ఏం నొక్కాలి?

4:3 బొమ్మను మీ టీవీ 16:9కి సాగదీస్తోంది. ప్రతి మనిషీ మూడో వంతు లావెక్కుతాడు. రిమోట్‌లో పిక్చర్ సైజ్, యాస్పెక్ట్ రేషియో, స్క్రీన్ మోడ్ ఇలాంటి పేరుతో ఒక మీట గానీ మెనూ గానీ ఉంటుంది. అందులో 4:3 గానీ, ఒరిజినల్ గానీ ఎంచుకోండి. సరిగ్గా వచ్చిందా లేదా తేల్చుకోవడానికి గుండ్రటి వస్తువు కోసం చూడండి: లారీ చక్రం, గోడ గడియారం, చందమామ. అవి గుండ్రంగా ఉంటే బొమ్మ సరిగ్గా ఉన్నట్టే. ఛానల్ లోగో చూసి మాత్రం తేల్చకండి, దాన్ని వాళ్లు విడిగా అతికిస్తారు.

వైడ్ జూమ్ లాంటి పేర్లున్న మోడ్లకు దూరంగా ఉండండి. మధ్యలో మనిషిని కొంచెం బాగానే ఉంచి అంచుల్లో ఎక్కువగా సాగదీస్తాయి. అదే మనిషి నడుచుకుంటూ అంచుకు వెళ్లేకొద్దీ లావెక్కుతాడు.

పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలకు అటూ ఇటూ నలుపు వస్తోంది. తెర నిండా చేసుకోవచ్చా?

దయచేసి వద్దు. మన నెల్లూరు జిల్లా రమణారెడ్డి గారిని తీసుకోండి. ఆయన నవ్వించిందంతా ఆ బక్కపలచని పొడుగు ఒంటితోనే. 1957 'మాయాబజార్'లో చిన్నమయ్యగా ఆయన వంగి, మెలికలు తిరిగి, చేతులు చాపి చేసే విన్యాసం చూడాలంటే తల నుంచి పాదం దాకా ఆయన ఆకారం ఉన్నదున్నట్టు కనిపించాలి. సాగదీస్తే రమణారెడ్డి లావు మనిషి అవుతాడు. జూమ్ చేస్తే ఎత్తులో నాలుగో వంతు పోతుంది, తలపాగానో కాళ్లో ఎగిరిపోతాయి. నెల్లూరువారే అయిన పి. పుల్లయ్య గారి 1959 'జయభేరి' లాంటి సినిమాలకూ ఇదే మాట. ఆ కాలం కెమెరామన్లు ఎత్తును బాగా వాడుకున్నారు: మండపాలు, స్తంభాలు, నిలబడి పాడే మనిషి. 32 అంగుళాల టీవీలో ఆ బొమ్మ సుమారు 21 అంగుళాల వెడల్పు వస్తుంది. అది పాత 21 అంగుళాల డబ్బా టీవీలో వచ్చినదానికంటే పెద్దదే.

నాలుగు వైపులా నలుపు వచ్చి మధ్యలో చిన్న బొమ్మ వస్తోంది. ఇదీ కరెక్టేనా?

కాదు, ఇది సరిచేసుకోవాల్సినదే. ఛానల్ వాళ్లు స్కోపు బొమ్మకు పైనా కిందా పట్టీలు పెట్టి 4:3 ఆకారంలో పంపుతున్నారు. ఆ 4:3 మీ 16:9 తెరలో పట్టడానికి టీవీ మళ్లీ అటూ ఇటూ నలుపు చేరుస్తోంది. ఇక్కడ మాత్రం జూమ్ నొక్కడమే సరైన పని. జూమ్ వల్ల పైనా కిందా పోయేది నలుపే, బొమ్మలో ఏమీ పోదు. పక్కలు నిండుతాయి, పైనా కిందా సన్నని పట్టీలు మిగులుతాయి. సినిమా అయ్యాక మాత్రం గుర్తుపెట్టుకుని వెనక్కి మార్చండి, లేకపోతే తర్వాత వచ్చే వార్తల్లో తలలు తెగుతాయి.

సెట్‌టాప్ బాక్సులో ఏం పెట్టాలి?

బాక్సు మెనూలో టీవీ రకం 16:9 అని పెట్టండి. చాలా ఇళ్లలో డబ్బా టీవీ రోజుల్లో పెట్టిన 4:3 అట్టాగే ఉండిపోతోంది, కొత్త టీవీ కొన్నా ఎవరూ మార్చరు. బొమ్మ ఆకారం దగ్గర ఆటో లేదా లెటర్‌బాక్స్ అని ఉంటే అది ఎంచుకోండి. పాన్ స్కాన్, ఫుల్ స్క్రీన్, జూమ్ అన్నవి ఎంచుకోకండి. బాక్సులో ఒకసారి, టీవీలో ఒకసారి సాగదీస్తే బొమ్మ ఎటూ కాకుండా పోతుంది, కాబట్టి ముందు బాక్సు సరిచేసి తర్వాత టీవీ జోలికి వెళ్లండి.

పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల ఏవీ వైరు వాడుతుంటే దాన్ని తీసి హెచ్‌డీఎంఐ వైరు పెట్టండి. హెచ్‌డీఎంఐ అయితే బొమ్మ ఆకారం ఏమిటో బాక్సు టీవీకి చెప్పగలుగుతుంది.

కింద నడిచే అక్షరాల అంచులు తెగుతున్నాయి. ఇదీ ఛానల్ తప్పేనా?

ఇది మీ టీవీ సెట్టింగు. డబ్బా టీవీల కాలం నుంచి టీవీలు బొమ్మను కొంచెం పెద్దది చేసి నాలుగు అంచులూ దాచేస్తాయి. టీవీ కంపెనీని బట్టి జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్, ఫుల్ పిక్సెల్ ఇలా రకరకాల పేర్లతో దాన్ని ఆపే మార్గం ఉంటుంది.

ఫోన్లో రెండు వేళ్లతో సాగదీస్తే నిండుతోంది కదా, అది పర్లేదా?

ఇప్పటి ఫోన్లు చాలావరకు 20:9, అంటే 2.22. స్కోపు సినిమాకు పట్టీలు చాలా సన్నగా వస్తాయి, సాగదీస్తే పోయేది నూటికి ఐదు నుంచి ఏడు వంతులే. నేనైతే అదీ చెయ్యను. 16:9 సీరియల్‌నో, పాత సినిమా పాటనో సాగదీస్తే మాత్రం పైనా కిందా కలిపి ఐదో వంతుకు తక్కువ కాకుండా పోతుంది.

## కొత్త టీవీ కొనేటప్పుడు

సినిమాలే ఎక్కువ చూస్తాం. ఎన్ని అంగుళాలు తీసుకోవాలి?

టీవీ అంగుళాలు మూల నుంచి మూలకు కొలుస్తారు, స్కోపు సినిమాకు మీరు చూడాల్సింది బొమ్మ ఎత్తు. 55 అంగుళాల టీవీలో స్కోపు బొమ్మ ఎత్తు దాదాపు 20 అంగుళాలు. 43 అంగుళాల టీవీ మొత్తం తెర ఎత్తు 21. అంటే సీరియల్ 43లో ఎంత ఎత్తుగా కనిపిస్తుందో, స్కోపు సినిమా అంత ఎత్తుగా కనిపించాలంటే 55 కావాలి. గదీ బడ్జెట్టూ ఒప్పుకుంటే ఒక సైజు పైకి వెళ్లండి. ఒప్పుకోకపోతే కుర్చీ ఒక రెండడుగులు ముందుకు జరపండి.

రాత్రి పూట పట్టీలు నల్లగా కాకుండా బూడిద రంగులో మెరుస్తూ విసిగిస్తున్నాయి.

ఎల్‌ఈడీ టీవీల్లో తెర వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, నలుపు చోట కొంత వెలుగు కారుతుంది. బ్యాక్‌లైట్ తగ్గించండి, టీవీ వెనక గోడ మీద పడేలా చిన్న లైటు వెయ్యండి, తేడా వెంటనే తెలుస్తుంది. కొనేముందయితే వీఏ రకం ప్యానెల్ (తెర) ఉన్నది అడగండి, ఐపీఎస్ రకం కంటే నలుపు బాగుంటుంది. ఓఎల్‌ఈడీలో నలుపు చోట అసలు వెలుగే ఉండదు, పట్టీలు చీకట్లో కలిసిపోతాయి.

పట్టీల వల్ల తెర మీద మచ్చలు పడతాయంటున్నారు?

ఎల్‌ఈడీ టీవీలకు ఆ భయం అక్కర్లేదు. ఓఎల్‌ఈడీలో జాగ్రత్త పడాల్సింది గంటల తరబడి ఒకేచోట వెలిగే ఛానల్ లోగోలు, వార్తల పట్టీల గురించి. సినిమా చూసిన రెండున్నర గంటల నలుపు గురించి టెన్షన్ పడకండి.

స్కోపు ఆకారంలోనే ఉండే టీవీ దొరకదా?

2009లో ఫిలిప్స్ 21:9 టీవీ తెచ్చింది, తర్వాత కొన్నేళ్లకే ఆపేసింది. దాంట్లో సినిమా నిండుగా వచ్చేది గానీ వార్తలు, క్రికెట్, సీరియళ్లకు అటూ ఇటూ నలుపు తప్పేది కాదు. అన్ని ఆకారాలకూ నిండే తెర ఉండదు.

## ఛానల్ వాళ్ల సంగతి

ఛానల్ వాళ్లు ఎందుకు కత్తిరిస్తారు? వాళ్లకు తెలియదా?

బాగా తెలుసు. కారణాలు కొన్ని పాతవి, కొన్ని ఇప్పటివి. 1995లో తెలుగు ప్రైవేటు ఛానళ్లు మొదలైనప్పుడు ఇళ్లలో ఉన్నవన్నీ 4:3 డబ్బా టీవీలు, ఎక్కువ ఇళ్లలో 20, 21 అంగుళాలవి. అంత చిన్న తెరలో స్కోపు బొమ్మ పూర్తిగా వేస్తే ఎత్తు సుమారు ఏడు అంగుళాలే. దానికి తోడు వీసీడీలు. టీవీ బొమ్మ అడ్డ గీతలతో తయారవుతుంది, ఎన్ని ఎక్కువుంటే అంత స్పష్టం. వీసీడీలో మొత్తం ఉన్నదే 288 గీతలు, అందులో స్కోపు బొమ్మకు దక్కేవి 160 చిల్లర. మసక మసకగా, సన్నగా ఉండేది. పట్టీలంటే మన వాళ్లకు చిరాకు పుట్టింది ఆ రోజుల్లోనే, దాన్ని తప్పుపట్టలేను. జనం పట్టీలు వద్దన్నారు, ఛానళ్లు కత్తిరించి టేపులు చేయించుకున్నాయి.

ఇప్పుడు ఆ కారణం లేదు. హెచ్‌డీలో 1080 గీతలు, స్కోపు బొమ్మకు 817 దాకా వస్తాయి. అయినా రెండు చిక్కులు మిగిలాయి. ఒకటి, అప్పుడు చేసిన టేపులే ఇంకా తిరుగుతున్నాయి. ప్రింటునో నెగెటివ్‌నో మళ్లీ స్కాన్ చెయ్యాలంటే ఖర్చు, పాత సినిమాకు అంత పెట్టడానికి చాలామంది ముందుకు రారు. రెండోది భయం. ఛానల్ తిప్పుతూ వచ్చినవాడు పట్టీలు చూసి వెళ్లిపోతాడేమో, రేటింగ్ తగ్గుతుందేమో అని. మొదటిదాన్ని అర్థం చేసుకోగలను. కొత్త సినిమాకు మంచి మాస్టర్ (ప్రసారానికి వాడే అసలు కాపీ) చేతిలో ఉండి కూడా కత్తిరించడాన్ని మాత్రం ఒప్పుకోలేను.

హెచ్‌డీ ఛానల్ తీసుకుంటే పూర్తి బొమ్మ వస్తుందా?

వచ్చే అవకాశం ఎక్కువ, గ్యారంటీ లేదు. హెచ్‌డీ అన్నది ఎన్ని గీతలున్నాయో చెప్తుంది, కత్తిరించారా లేదా చెప్పదు. ఒకే సినిమా హెచ్‌డీలో పూర్తిగా, మామూలు ఛానల్లో కత్తిరించి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. డబ్బు కట్టేముందు కేబుల్ ఆయన దగ్గర ఒక స్కోపు సినిమా ఆ ఛానల్లో ఎట్టా వస్తుందో చూసుకోండి.

మా కేబుల్ ఆయన కత్తిరిస్తున్నాడేమో?

ఆయన చేతుల్లో అది లేదు. 2017 మార్చి 31 గడువుతో పల్లెల దాకా కేబుల్ డిజిటల్ అయ్యాక ఛానల్ నుంచి వచ్చింది వచ్చినట్టే మీ బాక్సుకు చేరుతుంది. బాక్సులో సెట్టింగు తప్పుంటే అది సరిచేయమని ఆయన్ని అడగొచ్చు. ఆయన మీద కోపం తెచ్చుకోవద్దు.

వేరే దేశాల్లో పూర్తిగా చూపిస్తారా?

చూపించినవాళ్లు డబ్బా టీవీల కాలంలోనే ఉన్నారు. బ్రిటన్‌లో బీబీసీ 2, ఛానల్ 4 చాలా సినిమాలు పట్టీలతో పూర్తిగా వేశాయి. అమెరికాలో టర్నర్ క్లాసిక్ మూవీస్ దాన్నే తన పద్ధతిగా పెట్టుకుంది. దర్శకుడు వుడీ ఆలెన్ 1979 నాటి తన 'మన్‌హాటన్' వీడియోకైనా టీవీకైనా పూర్తి వెడల్పుతోనే వెళ్లాలని పట్టుబట్టి సాధించుకున్నాడు.

సిడ్నీ పొలాక్ అనే దర్శకుడు తన స్కోపు సినిమాను కత్తిరించి వేసినందుకు డెన్మార్క్ టీవీ మీద కేసే వేశాడు. అలా కత్తిరించడం సినిమాను వికృతం చెయ్యడమేనని 1997లో అక్కడి కోర్టు ఒప్పుకుంది, కానీ సాంకేతిక కారణం మీద కేసు టీవీ వైపే తేలింది.

మన దగ్గర అట్టా కేసు వెయ్యలేమా?

మన 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్, కృతిని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కర్తకు ఇస్తుంది. కానీ ఆ చట్టం దృష్టిలో సినిమాకు కర్త నిర్మాత. ఛానల్‌కు హక్కులు అమ్మేదీ ఆయనే. ఫ్రేము కట్టిన కెమెరామన్‌కూ డైరెక్టర్‌కూ ఆ మాట అడిగే దారి ఇక్కడ లేదు. ఛానళ్లు పాటించాల్సిన ప్రోగ్రామ్ కోడ్‌లో కూడా బొమ్మ ఆకారం గురించి ఏమీ లేదు. నిర్మాతలు హక్కులు అమ్మే కాగితంలోనే పూర్తి ఆకారంలో వెయ్యాలని ఒక షరతు రాయించుకుంటే సగం సమస్య తీరుతుందని నా నమ్మకం.

పట్టీలున్న చోట ప్రకటనలు, అక్షరాలు వేస్తున్నారు. అది పర్లేదా?

సినిమా మీద వెయ్యడం కంటే నయం. లోగో పట్టీలో పెడితే బొమ్మ శుభ్రంగా ఉంటుంది, సబ్‌టైటిల్స్ కింది పట్టీలో పెడితే చదవడానికీ బాగుంటాయి. కదిలే రంగురంగుల ప్రకటనలు మాత్రం కంటిని లాగేస్తాయి, వాటికి పట్టీ చోటు కాదు.

ఛానల్‌కు రాయాలంటే ఏమని రాయాలి?

ఛానల్ వెబ్‌సైటులో ప్రేక్షకుల ఫిర్యాదుల కోసం ఇచ్చిన మెయిల్‌కు రాయండి. కోపంగా పెద్ద ఉత్తరం రాస్తే ఎవరూ చదవరు. సినిమా పేరు, తేదీ, సమయం, హెచ్‌డీ ఛానలా మామూలుదా అన్నది, అంచులో మనిషో పేరో తెగిన చోట తీసిన ఒక ఫొటో పెట్టండి. విషయం ఇట్టా ఉంటే చాలు: "మీరు వేసిన ఈ సినిమా స్కోపులో తీసింది. మీ ప్రసారంలో రెండు పక్కలా బొమ్మ తెగింది, ఫొటో చూడండి. మా ఇంట్లో టీవీ 16:9. పైనా కిందా పట్టీలు వచ్చినా మాకు అభ్యంతరం లేదు. ఈసారి పూర్తి ఆకారంలో వెయ్యమని కోరుతున్నాం." పట్టీలు వచ్చినా అభ్యంతరం లేదన్న మాట తప్పకుండా ఉండాలి, వాళ్ల భయమంతా దాని గురించే.

పూర్తిగా వేసిన రోజున కూడా రెండు లైన్లు రాయండి. పట్టీలు వచ్చాయని ఫిర్యాదు చేసేవాళ్లు ఆ రోజు తప్పకుండా ఫోన్ చేస్తారు. బాగుందన్నవాళ్ల మెయిళ్లు కూడా వాళ్ల ముందు ఉంటే, వచ్చే వారం సినిమాకు ఏ మాస్టర్ ఎక్కించాలో తేల్చే మనిషికి చూపించుకోవడానికి ఒక కాగితం ఉంటుంది.